టాస్క్ యాప్‌కు డబ్బు కట్టాలా, వద్దా: మా సీఏ ఆఫీసులో తేలిన లెక్క

విజయవాడ గవర్నర్‌పేటలో మాది ఏడుగురి ఆఫీసు. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఒక సీనియర్ అకౌంటెంట్, ముగ్గురు అసిస్టెంట్లు, ఇద్దరు ఆర్టికల్స్ (సీఏ శిక్షణలో ఉన్న విద్యార్థులు) ఉన్నారు. జీఎస్టీ పార్టీలు, అంటే మేము లెక్కలు చూసిపెట్టే వ్యాపారులు, 112. అందులో 64 మందికి నెలనెలా రిటర్న్ వేయాలి, 48 మందికి మూడు నెలలకోసారి. ఇవి కాక ఇన్‌కమ్ ట్యాక్స్, టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను), ఆడిట్లు.

మా నెల ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే యాప్ అవసరమా కాదా అన్నది దాన్నిబట్టే తేలింది. 7వ తేదీ టీడీఎస్ కట్టాలి. 11న జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల రిటర్న్. 14న జీఎస్టీ పోర్టల్‌లో కొనుగోళ్ల తాలూకు పట్టిక, 2బి, తయారవుతుంది. దాన్ని పార్టీ పుస్తకాలతో సరిచూసి 20లోపు 3బి, అంటే పన్ను లెక్క తేల్చే రిటర్న్, వేయాలి. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ 22 వరకు గడువు. అంటే 14 నుంచి 20 దాకా ఉన్న వారం రోజుల్లో ఆ 64 మంది పనీ పూర్తి కావాలి. ఆ వారంలో ఒక్క ఫైలు ఎక్కడో ఆగిపోయినా మిగతావాటి మీద పడుతుంది.

డబ్బు కట్టి వాడే టాస్క్ యాప్, అంటే ఏ పని ఎవరు ఎప్పటికి చేయాలో చూపే యాప్, మాకు కొత్త కాదు. 2023 ఏప్రిల్‌లో ఒకటి తీసుకున్నాం. పేరు చెప్పను, తప్పు యాప్‌ది కాదు. ఏడుగురికీ కలిపి నెలకు 2,800 రూపాయలు. మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి చూపించాను. ఐదు వారాలు వాడారు. తర్వాత పనులు మళ్లీ వాట్సాప్ గ్రూపులోకి, గోడ మీది తెల్లబోర్డు మీదకి వెళ్లిపోయాయి. డబ్బు మాత్రం 11 నెలలు కట్టాం, 30,800 రూపాయలు. ఇందులో తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు మీద ఆటోమేటిక్‌గా కట్ అయ్యే మొత్తం 15,000 లోపు ఉంటే ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. 24 గంటల ముందు ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ఫైలింగ్ వారంలో రోజుకు వందల మెసేజ్‌లు వచ్చే ఫోన్లో దాన్ని నేను చూసుకోలేదు. నెలవారీ చందా చిన్నదే కదా అని మొదలుపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ దెబ్బతో ఏడాది పాటు యాప్ మాట ఎత్తలేదు. మళ్లీ ఎత్తేలా చేసింది ఒక 50 రూపాయల లేటు ఫీజు.

2024 డిసెంబరు 20, శుక్రవారం. ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారం చేసే ఒక పార్టీది 3బి మధ్యాహ్నానికే సిద్ధమైపోయింది. చలానా కట్టేశారు, లెక్కలు సరిపోయాయి. ఇక ఓటీపీ వస్తే సబ్మిట్ చేయడమే. ఓటీపీ వెళ్లేది యజమాని ఫోనుకి. ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం ఆరుకి చేశాం, ఎనిమిదికి చేశాం, పదకొండుకి చేశాం. అదే మాట. కొట్టు గుమాస్తాని పట్టుకుంటే అప్పుడు తెలిసింది, ఆయన కుటుంబంతో కొండకు వెళ్లారని. తిరుమలలో దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్ డిపాజిట్ చేయాలి. ఆయన క్యూలో ఉన్నారు, ఫోన్ కౌంటర్లో ఉంది, రిటర్న్ మా స్క్రీన్ మీద ఉంది.

మర్నాడు పొద్దున ఆయనే ఫోన్ చేశారు. "అయ్యో, నేను పన్నెండో తారీఖునే మీ కుర్రాడికి చెప్పానండీ, ఇరవైన కొండ మీద ఉంటామని." అడిగితే మా ఆర్టికల్ ఒప్పుకున్నాడు. నిజంగానే చెప్పారట. అతను విన్నాడు, సరేనన్నాడు. అది రాసుకోవడానికి మా ఆఫీసులో ఒక చోటంటూ లేదు. బోర్డు మీద పార్టీ పేరు, తేదీ, టిక్కు, ఇంతే పడతాయి. ఆ కుర్రాడిని ఏమీ అనలేకపోయాను. 50 రూపాయలు మేమే భరించాం. కానీ తొమ్మిదేళ్లుగా మా దగ్గరున్న పార్టీ ముందు తల దించుకోవాల్సి రావడం నాకు బాగా బాధ కలిగించింది.

జారిన పనుల నోట్‌బుక్

నిజానికి అప్పటికే నేను ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి ఉన్నాను. నవంబరు 1 నుంచి, జారిన ప్రతి పనీ అందులో ఒక వరస. తేదీ, పార్టీ, ఏం జారింది, ఎందుకు జారింది. గడువు దాటితేనే జారినట్టు కాదు. ఆఖరి రోజు రాత్రి హడావుడిగా చేసినా, ఇద్దరు ఒకే పనిని రెండుసార్లు చేసినా జారినట్టే రాయాలని పెట్టుకున్నాం. డిసెంబరు 31కి లెక్కేస్తే 38 వరసలు.

ఆ 38లో పార్టీ దగ్గర్నుంచి కాగితాలు రాక ఆగినవి 17. ఓటీపీ, సంతకం దొరక్క ఆగినవి 6. ఎవరు చేస్తున్నారో తెలియక ఆగినవి, లేదా ఇద్దరూ చేసేసినవి 8. లెక్కల్లో తేడాల వల్ల 4. అచ్చంగా మరిచిపోయినవి మూడంటే మూడు.

ఈ మూడు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2023లో నేను ఆ యాప్ కొన్నది రిమైండర్ల కోసం. డ్యూ డేట్ ముందు ఫోన్ మోగుతుంది, ఎవరూ మరిచిపోరు అనుకున్నాను. మా రంగంలో డ్యూ డేట్ ఎవరూ మరిచిపోరు. 20వ తేదీ మా ఒంట్లో ఉంటుంది. 38లో మూడింటికి పనికొచ్చే మందుకి 30,800 పెట్టాను.

మా సీనియర్ అకౌంటెంట్‌ని ఆఫీసులో అందరం బాబాయ్ గారు అంటాం. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్న మనిషి. నోట్‌బుక్ తిరగేసి ఆయన అన్నమాట: "సార్, పొద్దున్నే మీరు 'ఎక్కడిదాకా వచ్చింది' అని అడుగుతారు. ఎవరైనా 'అయిపోవచ్చింది సార్' అంటారు. 'ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది' అని అడగండి, అప్పుడు తెలుస్తుంది."

మా ఆఫీసులో ఈ కథంతా మలుపు తిరిగింది ఈ మాట దగ్గరే. పని మా చేతిలో ఉందా, పార్టీ చేతిలో ఉందా, నా సంతకం కోసం నా బల్ల మీద ఉందా? ప్రతి ఫైలుకీ ఈ క్షణంలో ఒక యజమాని ఉండాలి. ఆ యజమాని పార్టీయే అయితే, వాళ్ల వెంట పడాల్సిన మనిషి పేరు కూడా ఉండాలి.

ముందు ఉచితంగా ఎంత దూరం వెళ్లగలం

2025 జనవరిలో గూగుల్ షీట్ తయారుచేశాం. పార్టీ, పని, గడువు, ఎవరి చేతిలో, ఎప్పటినుంచి, రిమార్కులు. ఆ రిమార్కుల కాలమ్‌లో మొదటి రోజే ఆర్టికల్ రాసిన వాక్యం: "ఓనర్ గారు 18 నుంచి ఊళ్లో ఉండరు, ఓటీపీ 17నే తీసుకోవాలి." చూసి సంతోషమేసింది.

షీట్ చాలా మేలు చేసింది, ఇది గట్టిగా చెప్పాలి. జనవరి, ఫిబ్రవరి కలిపి జారినవి 24కి దిగాయి. ఎవరు చేస్తున్నారో తెలియక జారినవి 8 నుంచి 2కి వచ్చేశాయి. పైసా ఖర్చు లేదు.

రెండు చోట్ల మాత్రం షీట్ మమ్మల్ని ఆదుకోలేకపోయింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున అసిస్టెంట్ ఒకమ్మాయి గడువు ప్రకారం సర్దుదామని తేదీల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టింది. తేదీలు కదిలాయి, పేర్లు కదల్లేదు. వన్‌టౌన్ హోల్‌సేల్ పార్టీకి ఉండాల్సిన తేదీ బీసెంట్ రోడ్డు బట్టల కొట్టు పక్కకు వెళ్లి కూర్చుంది. గంటన్నర తర్వాత గమనించాం. వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి పొద్దుటి కాపీ వెనక్కి తెచ్చుకున్నాం కాబట్టి సరిపోయింది, కానీ ఈలోగా చేసిన మార్పులు పోయాయి. కొన్ని కాలమ్స్ లాక్ చేశాం. మొత్తం లాక్ చేస్తే ఎవరూ రాయలేరు కదా.

రెండోది ఇంకా పెద్దది. షీట్ చూసినవాళ్లకే చెబుతుంది. 'పార్టీ చేతిలో' అని రాసిన వరస నాలుగు రోజులైనా అలాగే నిశ్శబ్దంగా ఉంటుంది. కాగితాలు రాక జారినవి 17 నుంచి 14కే తగ్గాయి, ఓటీపీవి 6 నుంచి 4కి. అసలు నొప్పి అక్కడే ఉంది, అది అక్కడే మిగిలిపోయింది.

మార్చిలో ట్రెల్లో అనే టాస్క్ యాప్ ఉచిత ప్లాన్‌కి మారాం. ఉచితంలో పదిమంది దాకా, పది బోర్డుల దాకా పెట్టుకోవచ్చు. మాకు అది చాలు. బోర్డు అంటే తెర మీద కాలమ్స్ ఉన్న పేజీ, అందులో ఒక్కో పార్టీకి ఒక కార్డు. కాలమ్స్ బాబాయ్ గారి మాట ప్రకారమే పెట్టాం: పార్టీ చేతిలో, అసిస్టెంట్ చేతిలో, నా చేతిలో, ఓటీపీ కోసం, ఫైల్ అయింది. కార్డు 'పార్టీ చేతిలో'కి వెళ్లగానే రెండు రోజుల తర్వాతి తేదీ దానంతటదే పడాలి, వెంటపడాల్సిన మనిషి పేరు చేరాలి. ఇలా ప్రతి కాలమ్‌కీ ఒక ఆటోమేషన్ నియమం రాశాం. మాకు అసలు కావలసింది ఇదే.

ఇక్కడే ఉచితం అయిపోయింది. ఉచిత ప్లాన్‌లో ఆటోమేషన్ నెలకు 250 సార్లే నడుస్తుంది. నెలవారీ పార్టీలు 64, ఒక్కో కార్డు కనీసం నాలుగుసార్లు కాలమ్ మారుతుంది. 64 నాలుగుల 256. టీడీఎస్ కార్డులు ఇంకా కలపలేదు. సరిగ్గా అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన రోజుల్లో, 18వ తేదీన, నియమాలు ఆగిపోయాయి. 'పార్టీ చేతిలో'కి వెళ్లిన కార్డులకు తేదీ పడలేదు, ఎవరికీ తెలియలేదు.

డబ్బు కట్టాలా వద్దా అన్న ప్రశ్న అసలు రూపంలో నా ముందుకొచ్చింది అప్పుడే. ఉచితంగా వాడుతూ వాడుతూ, ఏ ఒక్క గోడ దగ్గర తల తగులుతోందో తెలిశాక అడిగిన ప్రశ్న అది. 2023లో నేను అడిగింది అలాంటిది కాదు. అప్పుడు ఫీచర్ల పట్టిక చూసి కొన్నాను.

కట్టింది ఎంత, దక్కింది ఎంత

స్టాండర్డ్ ప్లాన్‌లో ఆటోమేషన్ నెలకు 1,000 సార్లు. 2025లో ధర, సంవత్సరానికి ఒకేసారి కడితే మనిషికి నెలకు 5 డాలర్లు, నెలనెలా కడితే 6. ఆ పై ప్లాన్ 10 డాలర్లు, అందులో టైమ్‌లైన్, క్యాలెండర్ లాంటివి ఉన్నాయి. మా క్యాలెండర్ ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి అది అక్కర్లేదనుకున్నాం.

ఏప్రిల్, మే నెలలు నెలవారీగానే తీసుకున్నాను. ఏడుగురికి 42 డాలర్లు, డాలరు 85 లెక్కన 3,570. రెండు నెలలకు 7,140. విదేశీ కంపెనీ సర్వీసు కాబట్టి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే, 18 శాతం కట్టాలి. దాన్ని క్రెడిట్ లెడ్జర్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను జమయ్యే ఖాతా) నుంచి సర్దడానికి లేదు, నగదుగానే కట్టాలి. కట్టాక ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు చాలామంది ఈ పన్ను సంగతే మరిచిపోతారు, తర్వాత నోటీసులో చూసుకుంటారు.

నోట్‌బుక్ ఆపలేదు. రెండు నెలల తర్వాత లెక్క: 15. కాగితాలు రాక జారినవి 8, ఓటీపీవి 1, ఎవరిదో తెలియనివి 2, మరిచిపోయింది 1, తేడాలు 3.

38 నుంచి 15కి వచ్చాం అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది సరైన లెక్క కాదు. నవంబరు, డిసెంబరు మాకు బరువైన నెలలు. 2024లో ఆడిట్ కేసుల రిటర్న్ గడువు నవంబరు 15కి పొడిగించారు, డిసెంబరు 31కి జీఎస్టీ వార్షిక రిటర్న్ ఉంది. ఏప్రిల్, మే కొంచెం తేలిక. పైగా 38 నుంచి 24కి దించింది ఉచిత షీట్. యాప్‌కి కట్టిన డబ్బు ఖాతాలో వేయగలిగింది 24కీ 15కీ మధ్య ఉన్న తొమ్మిది మాత్రమే. తొమ్మిదీ కాగితాలు, ఓటీపీల దగ్గరే తగ్గాయి కాబట్టి, మేము కొన్న వస్తువు మేము అనుకున్న చోటే పనిచేసిందని మాత్రం చెప్పగలను.

ఆ తొమ్మిదికి విలువ కట్టి చూశాను. జారిన పని ఒక్కోటీ సుమారు రెండు గంటలు తింటుంది: ఫోన్లు, మళ్లీ సరిచూడటం, సంజాయిషీ. అంటే 18 గంటలు. నెలకు 25,000 జీతం ఉన్న అసిస్టెంట్ గంట సుమారు 120 రూపాయలు. మొత్తం 2,160. కట్టింది 7,140. సిబ్బంది సమయం ఒక్కటే చూస్తే ఈ యాప్ గిట్టుబాటు కాదు. ఇది చదివేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగి తమ లెక్క వేసుకోవాలని నా కోరిక, ఎందుకంటే యాప్ అమ్మేవాళ్ల పేజీలో 'ఆదా అయిన గంటలు' అని ఉండేవి ఎవరి గంటలో ఎవరూ చెప్పరు.

తూకం మొగ్గింది నా గంటల వల్ల. పొద్దున్నే ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి అడగడానికి నాకు 40 నిమిషాలు పట్టేది. ఇప్పుడు టీ తాగుతూ ట్రెల్లో బోర్డు చూస్తే పది నిమిషాలు. రోజుకు అరగంట, రెండు నెలల్లో 50 పనిరోజులు, 25 గంటలు. ఆ 25 గంటల్లో నేను చేయగల ఆడిట్ పని విలువ 7,140 కంటే ఖాయంగా ఎక్కువ. ఇంకో సంగతీ ఉంది, దీన్ని అంకెల్లో పెట్టలేను. పొద్దున్నే నేను బల్ల దగ్గరికి వస్తున్నానంటే పిల్లల మొహాల్లో కనిపించే టెన్షన్ పోయింది. అడిగేది బోర్డుని, మనుషుల్ని కాదు.

మే నెలాఖరులో అనుకోని పరీక్ష ఒకటి ఎదురైంది. 27న ఆదాయపు పన్ను రిటర్న్ గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కి పొడిగిస్తూ ప్రకటన వచ్చింది. అప్పటికే వందకు పైగా కార్డుల మీద జులై తేదీలు వేసి ఉన్నాయి. వాటినీ వెనక్కి జరుపుదామంటే నేను వద్దన్నాను. గడువు మారినా మేము పార్టీని కాగితాలు అడిగే తేదీ మారకూడదు. చట్టం గడువు కార్డు లోపల రాశాం, కార్డు మీద తేదీ మాత్రం 'కాగితాలు ఎప్పటికి రావాలి' అన్నదే ఉంచాం. ఈ ఒక్క మార్పు వల్ల ఆ సీజన్లో ఆఖరి వారం రాత్రుళ్లు ఆఫీసులో పడుకోవాల్సిన అవసరం రాలేదు. దీనికి యాప్ కూడా అక్కర్లేదు, ఎవరైనా రేపే చేసుకోవచ్చు.

తీసుకున్న నిర్ణయం

జూన్‌లో యాప్‌కి డబ్బు కట్టే సీట్లను ఏడుగురి నుంచి ఐదుగురికి తగ్గించాం. ఆర్టికల్స్ ఇద్దరూ ఎక్కువగా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, పార్టీ ఫోన్లు చూస్తారు. వాళ్లు విన్నది పక్కన కూర్చున్న అసిస్టెంట్‌కి చెబితే ఆమె కార్డులో రాస్తుంది. ఒప్పుకుంటాను, ఇందులో ఒక నష్టం ఉంది: కొండకు వెళ్లే సంగతి విన్నది ఆర్టికలే. అందుకే వాళ్ల బల్ల మీద చిన్న పుస్తకం పెట్టి, సాయంత్రం ఐదింటికి అది అసిస్టెంట్ చేతికి వెళ్లాలన్న నియమం పెట్టాం.

ఐదుగురికి ఏడాదికి 300 డాలర్లు, సుమారు 25,500. ఒకేసారి కట్టాను. ఆదా ఒక కారణం. రెండో కారణం, ఇది 15,000 దాటింది కాబట్టి వచ్చే ఏడు నా ఓటీపీ లేకుండా కట్ కాదు. అప్పుడు కనీసం ఒక నిమిషం ఆలోచిస్తాను.

కార్డుల్లో పాన్ నంబర్లు, పోర్టల్ పాస్‌వర్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టకూడదని మొదటిరోజే రాసి గోడకి అంటించాం. పార్టీ సమాచారం బయటపెట్టడం 1949 సీఏ చట్టం ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కార్డు మీద పార్టీకి మేమిచ్చిన కోడ్ నంబరే ఉంటుంది. పాత షీట్‌లో పాస్‌వర్డుల కాలమ్ ఒకటి ఎవరో మొదలుపెట్టారు, అది చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు. వెంటనే తీసేయించి, పాస్‌వర్డులన్నీ మార్పించాం.

ఇంకొకటి, యాప్ శాశ్వతం కాదు. వండర్‌లిస్ట్ అని చాలామంది ఇష్టంగా వాడిన టాస్క్ యాప్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న మూసేసింది. మా ప్లాన్‌లో బయటకు తీసుకునే ఫైలు జేసన్ రూపంలోనే వస్తుంది, మాలాంటివాళ్లు తెరిచి చదవగలిగే సీఎస్‌వీ కావాలంటే పై ప్లాన్‌కి వెళ్లాలి. అందుకని ప్రతి నెలా 25న ఒక అసిస్టెంట్ ఎవరివి ఎప్పుడు ఫైల్ అయ్యాయో షీట్‌లోకి ఎక్కిస్తుంది. ముప్పావు గంట పని.

గుంటూరులో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకునే మిత్రుడు, 35 పార్టీలు ఉన్నాయి, ఇదంతా విని తనూ కొనాలా అని అడిగాడు. వద్దన్నాను. అతని పనులన్నీ ఒక్క చేతిలోనే ఉంటాయి, 'ఎవరి చేతిలో' అన్న ప్రశ్నే లేదు. షీట్ చాలు, ఫోన్లో క్యాలెండర్ చాలు. ముందు రెండు నెలలు నోట్‌బుక్ రాయమన్నాను. రాస్తున్నాడు.

మా రెన్యువల్ జూన్‌లో. ఏప్రిల్ 1 నుంచి నోట్‌బుక్ మళ్లీ తెరవాలని బాబాయ్ గారు ఇప్పటికే బోర్డులో ఒక కార్డు వేశారు. దాని మీద పేరు నాది.